గ్యాలరీలో మూడో వరస

గంగులు ఆ మాట అనేసి బస్సెక్కి వెళ్ళిపోయి రెండు రోజులైంది. జ్ఞానసుందరికి మాత్రం అది ఇంకా చెవిలోనే ఉంది.

"అమ్మా, పెట్టెలో రోగం నేదు. నేలలో ఉన్నాది."

విజయనగరంలో హార్మోనియంలు బాగుచేసే ఆ గంగులుని పిలిపించింది ఆమే. శ్రీకాకుళం దొరసాని చర్చిలో ఇరవై ఆరేళ్లుగా ఆర్గాన్ వాయిస్తున్నది జ్ఞానసుందరి. నూరేళ్ల కిందట ఆ చర్చి కట్టించిన దొరసాని ఓడలో తెప్పించిన ఆర్గాన్ అది. కాళ్లతో తిత్తులు తొక్కుతూ, చేతులతో మెట్లు నొక్కుతూ వాయించాలి. చర్చి గుమ్మానికి సరిగ్గా పైన, క్వయర్ కూర్చునే చెక్క గ్యాలరీలో ఉంటుంది. ఏడాదిగా అది మొండికేస్తోంది. ఎడమకాలి పలక పక్కచెక్కకి రాసుకుంటోంది. ఒక మెట్టు మీంచి వేలు తీసేసినా స్వరం ఆగక సన్నగా మూలుగుతూనే ఉంటోంది. ఎడమవైపు వాలిందని కింద అట్టముక్క మడిచి పెట్టింది. నెల తిరిగేసరికి ఇంకొకటి పెట్టాల్సి వచ్చింది. ఆ పైనెల మరొకటి. ముసలిదైపోయింది పాపం అని ఆర్గాన్ మీద జాలిపడింది గాని, నిలబడ్డ చోటుని అనుమానించాలని ఆమెకి తట్టనే లేదు.

గురువారం గంగులు వెనక పలక విప్పి, లోపలంతా టార్చి వేసి చూసి, చివరికి ఆ అట్టముక్కల బొత్తి బయటికి లాగి లెక్కపెట్టాడు. పదకొండు. చెవి మీది గుండ్రటి పెన్సిలు తీసి నేలమీద పెట్టాడు. ఎవరూ ముట్టుకోకుండానే అది దొర్లుకుంటూ పోయి, క్వయర్ మూడో వరస బల్లకింద, ఎడమ పక్కన ఆగింది.

ఆదివారం చర్చికి నూరేళ్ల పండగ. నెల్లిమర్ల సంఘం నుంచీ, నరసన్నపేట సంఘం నుంచీ గాయకులు వస్తున్నారు. అందరూ ఆ గ్యాలరీ మీద నిలబడే పాడతారు. మూడో వరసలో ఎడమ పక్క మొదటి చోటు జ్ఞానసుందరి కూతురు షాలినిది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి జ్ఞానసుందరి చర్చికి వచ్చింది. పైకి ఎక్కలేదు. గ్యాలరీకి సరిగ్గా కింద, గుమ్మానికి ఎడమ పక్కన ఒక చిన్న కొట్టుగది ఉంది. పెళ్లిళ్లకి వేసే మడత కుర్చీలూ, క్రిస్మస్‌కి కట్టే రంగు కాగితాలూ అందులో ఉంటాయి. గ్యాలరీని మోసే పెద్ద దూలం ఆ గది పైనుంచే వచ్చి గోడలోకి దిగుతుంది. ఆ దూలం ఆమెకి కనబడలేదు. దాని చుట్టూ ఎవరో పలకలు బిగించి, క్రీం రంగు వేశారు. చర్చి అంతా వెల్లవేసింది పోయిన నెలలోనే అయినా ఈ రంగు అంతకన్నా పాతది. పలకల అంచుల్లో అప్పుడే సాలెపురుగులు కాపురం పెట్టాయి.

కుర్చీ వేసుకుని ఎక్కి, గొడుగు మొనతో పలకల సందులో పొడిచింది. చెక్క తగులుతుందనుకుంది. ఉడికిన కందలో పుల్ల దిగినట్టు గొడుగు మొన జానెడు లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే బొలబొలమని మట్టి రాలి మొహమ్మీద పడింది. ఎర్రటి, మెత్తటి చెదమట్టి. దాంట్లో తెల్లగా చెదపురుగులు మెదులుతున్నాయి.

కుర్చీ దిగి ఆ మట్టిని గుప్పెడు రుమాల్లో మూటకట్టి మెట్లెక్కింది. ఎక్కేటప్పుడు, జీవితంలో మొదటిసారి, ఏ మెట్టు మీద ఎంత బరువు వేస్తున్నానని చూసుకుంటూ ఎక్కింది.

పైన కృపానిధి ఒక్కడే ఉన్నాడు. చేతిలో బారు నోటుబుక్కు, జేబులో జిగురుసీసా. బల్లల మీద ఎవరు ఎక్కడ నిలబడాలో పేర్లు రాసిన చీటీలు అతికిస్తున్నాడు. నలభై ఏళ్లుగా ఈ చర్చికి క్వయర్ మాస్టరు ఆయన. జ్ఞానసుందరికి స్వయానా అక్క మొగుడు కూడా. తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయి అక్క ఇంటికి వచ్చిన పిల్లని ఈ ఆర్గాన్ బల్లమీద కూర్చోబెట్టి, కాళ్లు అందకపోతే తనే కిందకూర్చుని పలకలు తొక్కుతూ మెట్లు నేర్పించినవాడు. మొగుడు పోయిన పదహారో రోజున ఇంటికొచ్చి, "ఆదివారం వస్తన్నావా, లేదా?" అని అడిగి, ఇంకే ఓదార్పు మాటా చెప్పకుండా వెళ్ళిపోయినవాడు. ఆ ఆదివారం ఆమె వచ్చింది. అందుకే బతికిబట్టకట్టానని ఇప్పటికీ అనుకుంటుంది.

"ఏటే సుందరీ, పొద్దున్నే బూజులు దులుపుతున్నావేటి? సీర నిండా మట్టి."

ఆమె రుమాలు విప్పి నోటుబుక్కు మీద పెట్టింది.

"నీ దూలం బావా. గొడుక్కి వచ్చేసింది."

కృపానిధి కళ్లజోడు సవరించుకుని చూశాడు. మెల్లిగా ఊదాడు. మట్టి లేచింది.

"టేకు. దొరసాని ఏరికోరి ఏయించింది. పైపైన కాస్త చెద పట్టుంటాది. నూరేళ్లు నిలబడ్డాది, రేపొక్కరోజు నిలబడదేటి?"

"రేపొక్కరోజా?" అంది జ్ఞానసుందరి. "ఆ తరవాత నిలబడదని నీకు తెలుసా?"

ఆయన ఇంకో చీటీకి జిగురు రాశాడు.

"పలకలు ఎవరు కొట్టారు బావా? రంగు ఎవరు వేయించారు?"

"పోయినేటి తుపానుకి తడిసి నల్లగైపోనాది. సూడ్డానికి బాగోలేదని..."

"కుర్చీలు పెట్టుకునే కొట్టుగదిలో ఎవరికి బాగుండాలి?"

"ఒసే, పోలీసోళ్లలాగ అడక్కు. పండగ పనుల్లో ఉన్నాను. నీ పాటలు సరిగా సూసుకున్నావా? రెండోదాంట్లో ఎప్పుడూ తొందరపడతావు."

ఆ మాటతో ఇంకోరోజైతే ఆమె నవ్వేసేది. ఇవాళ నవ్వు రాలేదు. బల్లల వైపు చూసింది. చీటీలు ఒక్కొక్కటే చదివింది. మూడో వరసలో, ఎడమ పక్క, షాలిని. దాని పక్కన గ్రేసి. ఆ పక్కన నర్సింగ్ చదివే ఇద్దరు అక్కచెల్లెళ్లు. ముందు వరసల్లోనూ ఎడమవైపంతా ఆడపిల్లలే, పుల్లల్లాంటి పిల్లలు. కుడివైపు గోడ పక్కన రత్నాకర్, ఎల్లైసీ భూషణం, మిలిటరీ ప్రకాశం. ఒక్కొక్కరూ ఒక్కో బీరువా.

పై గొంతులు ముందు వరసల్లో, లోతు గొంతులు వెనక వరసల్లో, మధ్యవి మధ్యలో. నలభై ఏళ్లుగా ఈ గ్యాలరీలో వరస అదే. పోయిన ఆగస్టులో కృపానిధి అదంతా తిరగేశాడు. లోతు గొంతులన్నీ కుడిగోడకి చేరితే పాట ఒకవైపు ఒరిగినట్టుందని జ్ఞానసుందరి అప్పుడే చెప్పింది. "గోడకి తగిలి సౌండు తిరిగొస్తాది, నీకు తెల్దు" అన్నాడు. ఆయన చెవి మీద ఆమెకి తన చెవికన్నా నమ్మకం. ఊరుకుంది.

ఆయన పట్టుకున్న నోటుబుక్కు చటుక్కున లాక్కుంది. మట్టి చెదిరిపోయింది.

"సుందరీ! ఇలగియ్యి!"

పేజీ మీద క్వయర్ అందరి పేర్లూ ఉన్నాయి. పేరు పేరుకీ ఎదురుగా ఒక అంకె. గ్రేసి, నలభై ఒకటి. రత్నాకర్, తొంభై రెండు. భూషణం, ఎనభై ఎనిమిది. షాలిని, నలభై నాలుగు.

నలభై నాలుగు. ఆగస్టు నెలలోనే కృపానిధి చర్చి వరండాలో క్వయర్ వాళ్లకి షుగరు, బీపీ పరీక్షలు పెట్టించాడు. నర్సమ్మ బరువు మిషను కూడా తెచ్చింది. షాలిని దానిమీంచి దిగి, "నలభై నాలుగే అమ్మా, నువ్వు నాకు తిండి పెట్టడం లేదని రుజువైపోయింది" అని అందరి ముందూ అరిచింది. అందరూ నవ్వారు. పిల్లల ఆరోగ్యం గురించి బావకి ఎంత శ్రద్ధ అని ఆ రోజు జ్ఞానసుందరి మురిసిపోయి, ఆయనకి ఇష్టమని పనసపొట్టు కూర వండి పంపింది.

జ్ఞానసుందరి ఆ అంకె మీద వేలు పెట్టింది.

"గొంతులు చూసి నిలబెట్టలేదు నువ్వు. తూకం వేసి నిలబెట్టావు."

కృపానిధి కళ్లజోడు తీశాడు. కళ్లజోడు లేకపోతే ఆయన ఒక్కసారిగా చాలా ముసలివాడిలా కనిపిస్తాడు.

"తుపాను వెళ్ళిన వారానికి అప్పలసూరి సూసాడు," అన్నాడు. అప్పలసూరి పక్కవీధి వడ్రంగి. "కిటికీలు బాగుచెయ్యడానికొచ్చి దూలం తట్టి సూసాడు. 'బాబూ, ఎడంపక్క డొల్లయిపోనాది, మనుసుల్ని ఎక్కించకండి' అన్నాడు. పలకలు కొట్టి ముయ్యమన్నాను. నాను కొట్టను బాబూ అన్నాడు. సుత్తి అక్కడే పెట్టి ఎల్లిపోనాడు. నేనే కొట్టాను."

"నువ్వే కొట్టావు."

"రంగూ నేనే ఏసాను."

"ఏడాది బావా! ఏడాది నుంచి ప్రతి ఆదివారం మమ్మల్ని దీనిమీద..."

"కమిటీకి సెబితే ఏటవుతాదో నీకు తెల్దా?" ఆయన గొంతు లేచింది. "గ్యాలరీకి తాళం పడతాది. ఆర్గాన్ కిందికి దిగదు. దాన్ని ముందు పైకెక్కించి, ఆ తరవాతే దొరసాని ఈ గుమ్మం గోడ కట్టించింది. ఈ మెట్లమీంచి దింపాలంటే ముక్కలు కొయ్యాలి. కొయ్యడానికి రంపాలు పట్టుకుని కూకున్నారు మనోళ్లు. కింద స్టేజీ, డ్రమ్ములు, మీట నొక్కితే దానంతటదే వాయించుకునే డబ్బా. అన్నీ మాటాడేసుకున్నారు. గ్యాలరీ ఒక్కటే అడ్డం. నూరో ఏడు పండగనాడు ఇది మూగదైపోయి కూకోవాలా? నువ్వు సెప్పు. నువ్వు కిందకూకుని సూస్తావా?"

జ్ఞానసుందరి ఆర్గాన్ వైపు చూసింది. మూత మీద ఆమె చేతులు ఆనే చోట వార్నీషు అరిగి, చెక్క బంగారు రంగులో మెరుస్తోంది. చూడకుండా ఉండాల్సింది. ఆ ఒక్క క్షణం ఆమెకి నిజంగానే అనిపించింది, ఒక్క ఆదివారమే కదా అని. రెండు పాటలు. పన్నెండు నిమిషాలు. అంతవరకూ దేవుడు ఆ దూలం కింద చెయ్యి అడ్డుపెట్టడా? ఇలా అనిపించినందుకు వెంటనే తనంటే తనకే భయం వేసింది.

"నా కూతుర్ని ఆ డొల్ల మీద నిలబెట్టావు," అంది.

"తేలికైన పిల్ల కాబట్టి పెట్టాను. అక్కడ బరువు తగ్గించాలి మరి. అంతా లెక్కేసాను సుందరీ. మనోళ్లు ముప్ఫై ఇద్దరు. నెల్లిమర్ల క్వయర్ మాస్టరు రాబర్ట్‌కి ఎనిమిది మందికి మించి వద్దని సెప్పాను. నరసన్నపేటోళ్లని కింద ముందుబల్లల్లో కూకోబెట్టి పాడిస్తాను. మొత్తం నలభై. నలభైకి ఏటీ అవ్వదు. ఈస్టర్‌కి నలభై ఎక్కారు, ఏటైనా అయ్యిందా?"

"అయ్యింది. రెండు అట్టముక్కలు పెట్టాను."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె వివరించలేదు.

"నేనెక్కడ నిలబడతానో నువ్వెప్పుడైనా సూసావా?" అన్నాడు కృపానిధి. గొంతు మళ్లీ తగ్గింది. "ఎడంపక్కే. రెయిలింగు దగ్గర. ఏదైనా అయితే అందరికంటే ముందు నాకే."

"నువ్వు నిలబడితే దూలానికి జాలేస్తాదేటి?"

ఆ మాట ఆయనకి తగిలింది. జ్ఞానసుందరి వెళ్ళి ఆర్గాన్ మూత దించి, తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుంది.

"వాయించేది లేదు. థామస్ మాస్టారికి చెప్పేస్తాను. క్వయర్ కిందే నిలబడి పాడుతుంది. ఆర్గాన్ లేకుండా పాడుతుంది. నువ్వు చెబుతావేమోనని సాయంత్రం దాకా చూడమన్నా చూడను బావా."

కొట్టడానికి మీదికొస్తాడనుకుంది. కనీసం అక్క పేరైనా ఎత్తుతాడనుకుంది. కృపానిధి చిందిన మట్టిని చేత్తో జాగ్రత్తగా కూడదీసి, ఆమె రుమాల్లోనే పోసి, మూటకట్టి అందించాడు.

"పట్టుకెళ్లు. సూపించు," అన్నాడు.

అంత సులువుగా అన్నాడేమిటా అని మెట్లు దిగుతున్నంతసేపూ ఆమెకి మనసు పీకుతూనే ఉంది.

థామస్ మాస్టారు చర్చి కమిటీ సెక్రటరీ. ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. పండక్కి వచ్చే పెద్దల్ని తీసుకురావడానికి నరసన్నపేట వెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. పాస్టరుగారు విజయనగరంలో అతిథుల రైలు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఫోను అసలు మోగడం లేదు. కమిటీలో మిగతా ఇద్దరూ షామియానాల దగ్గర ఉన్నారు. ఒకాయన రుమాలు విప్పి చూసి, "చెదలే కదమ్మా, పండగవ్వగానే మందు కొట్టిద్దాం" అన్నాడు. రెండో ఆయన ఆమె మొహంలోకి అదోలా చూసి, "ముందు ఇంటికెళ్లి కాస్త పడుకోండమ్మా" అన్నాడు. ఎందుకలా అన్నాడో ఆమెకి బోధపడలేదు.

ఇంటికి వచ్చింది. షాలిని లేదు. స్నేహితురాలి ఇంట్లో చీరలు కట్టుకుని అటునుంచటే ప్రాక్టీసుకి వెళతానని చీటీ పెట్టింది. ప్రాక్టీసు నాలుగింటికి. ఇంకా సమయం ఉంది. అన్నం వడ్డించుకుంది. కంచం మీద మూతపెట్టి మళ్లీ ఫోను చేసింది.

రెండు దాటాక థామస్ మాస్టారే తిరిగి చేశారు.

"అమ్మా జ్ఞానసుందరమ్మా, ఇప్పుడెలగుంది ఒంట్లో?"

"నాకేమైంది మాస్టారూ? నేను బానే ఉన్నాను. గ్యాలరీ దూలం..."

"ఆ, సెప్పారు, సెప్పారు. కృపానిధి మాస్టారు పొద్దున్న ఆరింటికే ఫోను చేసారమ్మా. వారం రోజులై మీకు నిద్దర లేదంట కదా. పండగ బెంగ. గ్యాలరీ పడిపోతాదని ఒకటే కలవరింతలంట. మట్టీ గిట్టీ తెచ్చి సూపిస్తారు, కంగారు పడకండి, ఎదురు సెప్పకండి అన్నారు. ఎంత అభిమానమమ్మా ఆయనకి మీరంటే. కమిటీ అందరికీ ఫోను చేసి సెప్పుకున్నారు పాపం."

ఆరింటికి. ఆమె గొడుగుతో పలక పొడిచింది తొమ్మిదిన్నరకి. గురువారం గంగులు వెళ్ళేముందు తనతో అన్నమాటే క్వయర్ మాస్టరుతోనూ అని ఉంటాడు. ఈ రెండు రోజులూ ఆయన ఊరుకోలేదు. ఆమె ఏం చేస్తుందో, ఎవరి దగ్గరికి వెళుతుందో, రుమాల్లో ఏం తీసుకెళుతుందో, పాటకి తాళం ముందే వేసుకున్నట్టు అన్నీ వేసుకున్నాడు.

"మాస్టారూ, నా మాట వినండి. నాకు ఏ పిచ్చీ లేదు. ఆయన చేత్తో ఆయనే పలకలు కొట్టారు. అప్పలసూరిని అడగండి. నాలుగింటికి ప్రాక్టీసు మొదలయ్యేలోగా మీరు ఒక్కసారి..."

"నాలుగింటికేటమ్మా? రెండింటికి మార్చారు కదా. నెల్లిమర్ల బస్సు తొందరగా వచ్చేసిందని. మీకు సెప్పలేదా?"

గోడ గడియారంలో రెండుంపావు అయింది.

ఆటో ఎక్కాక షాలినికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ప్రాక్టీసుకి పైకెక్కేముందు ఫోన్లన్నీ కింద పెట్టెయ్యాలన్నది కృపానిధి పెట్టిన నియమం. అది గుర్తొచ్చాక ఇక చెయ్యలేదు. వంతెన మీద లారీ ఆగిపోయి ఉంది. ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆమె దిగి, వంతెన చివరిదాకా పరిగెత్తినట్టే నడిచి, అక్కడ ఇంకో ఆటో ఎక్కింది.

చర్చి ముందు నెల్లిమర్ల బస్సు ఆగి ఉంది. ఖాళీగా ఉంది. ఎనిమిది మందికి ఎవరూ బస్సు కట్టించుకోరు కదా అని అప్పుడు తట్టింది ఆమెకి.

గుమ్మంలో చర్చి ఊడ్చే బుల్లమ్మ గొంతుక్కూర్చుని చుట్ట వెలిగించుకోబోతూ, ఆమెని చూసి చెంగుచాటు చేసుకుంది.

"వచ్చినావా తల్లీ? నీకు జొరం, రావని సెప్పినారే."

"ఎంతమంది ఎక్కారు బుల్లమ్మా?"

"నెక్క ఎవులికి తెల్సు? బస్సునిండా దిగినారు. మిల్లులో పనిసేసినోళ్లు, ఒక్కొక్కడు ఒక్కొక్క గోనెబస్తా. పండగ కదా, అందరూ పాడతామని తగువు. మన బాబు ఎనిమిదిమందే అంటే ఆ రాబట్టుబాబు ఇనుకోనేదు. నవ్వుతానే ఎక్కించీసినాడు. కావలిస్తే ఫోన్లు నెక్కెట్టుకో. నా బుట్ట సాలక బకెట్టు తెచ్చినాను."

జ్ఞానసుందరి వంగి చూసింది. బుట్ట నిండిపోయింది. బకెట్టు సగానికి పైగా నిండింది. ఒక ఫోను అద్దం మీద 'అమ్మ, రెండు మిస్డ్ కాల్స్' అని వెలిగి ఆరిపోయింది. ఫోన్లు లెక్కపెట్టింది. అరవై దాటాక ఆపేసింది.

పైన అడుగుల చప్పుళ్లు. బల్లలు జరుపుకుంటున్న చప్పుళ్లు. ఎవరో జోకు వేశారు, అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుకి ఆమె తలమీది పలకల సందుల్లోంచి పిండిలా సన్నగా ఏదో రాలింది.

అరవాలని నోరు తెరిచి, ఆగిపోయింది. పైకి వెళ్ళే మెట్లు ఒక్కటే. అవి ఎడమ పక్కన ఉన్నాయి. 'పడిపోతోంది' అన్న మాట ఒక్కటి చెవిన పడితే అంతమందీ ఒక్కసారి ఆ ఎడమ పక్కకే తోసుకొస్తారు. తను పైకి వెళ్ళినా ఆ మూలమీదే కాలు పెట్టాలి.

చెప్పులు విడిచి, బల్లల మధ్య నుంచి చర్చి నడిమధ్యకి నడిచి, వెనక్కి తిరిగి పైకి చూసింది. గ్యాలరీ నిండా మనుషులు. బల్లల మీద చాలక బల్లల మధ్య కింద కూడా కూర్చున్నారు. ఆయన అతికించిన చీటీలని ఎవరూ పట్టించుకోలేదు. మూడో వరసలో షాలినికి రెండు వైపులా నెల్లిమర్ల మగవాళ్లే, ముగ్గురు నలుగురు, భుజం భుజం తాకేలా ఇరుక్కుని ఉన్నారు. మధ్యలో దాని పసుపుపచ్చ చీర కొద్దిగా కనిపిస్తోంది.

కృపానిధి రెయిలింగు దగ్గర, ఎడమ పక్కనే నిలబడి ఉన్నాడు. వాళ్లవైపు తిరిగి, రెండు అరచేతులూ కిందికి పెట్టి, వేడిగిన్నె మీద మూత అదిమిపట్టినట్టు పట్టుకున్నాడు. కూర్చునే ఉండండి అని. ఆయన చొక్కా వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"బావా," అంది ఆమె కాస్త దగ్గరికి జరిగి, గట్టిగా కాదు.

క్వయర్ ఉన్నప్పుడు ఆయన్ని ఆమె ఎప్పుడూ మాస్టారు అనే పిలుస్తుంది. కృపానిధి ఉలిక్కిపడి తల తిప్పాడు. పొద్దున ఆమె చూసిన ఆ నిబ్బరం మొహంలో ఎక్కడా లేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"డెబ్భై నలుగురు," అన్నాడు, రెయిలింగు మీంచి వంగి, వెనకవాళ్ల గోలలో ఆమెకి మాత్రమే వినపడేలా. "ఆగమన్నాను. ఆగలేదు. పావుగంటై లేవనివ్వకుండా కూకోబెట్టాను సుందరీ. సెప్పలేను. సెబితే పరిగెడతారు." మెట్ల వైపు చూశాడు. "నువ్వు కిందనుంచి పిలు. ఏదో ఒక వంకపెట్టి పిలు. మెట్ల దగ్గరోళ్ల నుంచి, ఒక్కొక్కళ్లనే. నీ మాటైతే..."

ఆమె తల ఊపింది. నీళ్లు తాగడానికని పిలవచ్చు. చీరలకి పూలు గుచ్చాలని పిలవచ్చు. ముందు మెట్ల పక్కనున్న పిల్ల పేరు గుర్తుతెచ్చుకుంది. ఊపిరి కూడదీసుకుని, మొహమ్మీదికి నవ్వు తెచ్చుకుంది.

అంతలో చివరి వరసలోంచి రాబర్ట్, మిల్లు సైరన్‌కి పోటీ వచ్చే గొంతుతో, చేతులు బార్లా చాపి అరిచాడు.

"అదిగో, ఆర్గానమ్మగారు వచ్చీసారు! ఇంకా కూకోడమేటి మాస్టారూ, కాళ్లు తిమ్మిరెక్కిపోనాయి. ఒరే నెల్లిమర్లోళ్లూ, అమ్మగారికి మరియాదగా అందరూ లెగండ్రా!"

"వద్దు!" అన్న కృపానిధి కేక ఆ నవ్వుల్లో కలిసిపోయింది. బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అమ్మకి జ్వరం తగ్గి వచ్చేసిందన్న సంతోషంతో, ఆ గోనెబస్తాల మధ్య నుంచి అందరికంటే ముందు లేచి నిలబడింది షాలిని.